దరినీళ్ళ అప్పన్న

తేట నీళ్ళంటే నాకు భయం. బురద నీళ్ళు చూస్తే ఎవరైనా జాగ్రత్తపడతారు, అడుగు కనబడే నీళ్ళే మనిషిని నమ్మించి గొంతు కోస్తాయి. అరవై దాటిన దాన్ని, ఇలాంటి మాటలంటే ఇంట్లో నవ్వుతారని అనడం మానేశాను. మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు దివ్య ఫోన్ చేసి, "అత్తా, తొట్టిలో నీళ్ళు అద్దంలాగున్నాయి, సేపలు మాత్రం పైకొచ్చి నోళ్ళు తెరుత్తన్నాయి, ఓపాలి రావా" అనేసరికి నా అరికాళ్ళలో చెమట పట్టింది. చేతిలో ఉన్న కాఫీ గ్లాసు అలాగే గట్టు మీద పెట్టి ఆటో ఎక్కాను.

దివ్య అచ్యుతాపురంలో ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది, కూర్మన్నపాలెంలో ఆరో అంతస్తులో ఉంటుంది. వాళ్ళ బాల్కనీలో నిలబడితే పరవాడ వైపు పొగగొట్టాలు కనిపిస్తాయి, సముద్రం కనిపించదు. నెల కిందట సరదా పడి ఉప్పునీళ్ళ చేపల తొట్టి కొనుక్కుంది. మందు చుక్కలేసి నీళ్ళు పరీక్ష చేసే పెట్టె కూడా కొన్నది, ఒక్కసారీ మూత తీయలేదు. నేను తీశాను. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, రెండు సీసాల మందూ వేసి, అయిదు నిమిషాలు గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాను. పసుపు రంగు నిలిస్తే నీళ్ళు మంచివి, ఆకుపచ్చకి తిరిగితే విషం. మూడో నిమిషానికే ఆకుపచ్చకి తిరిగింది. "ఏం మార్చావే?" అన్నాను. "ఏటీ మార్సలేదత్తా. ఆ ఉప్పే మంచిది కాదు, షాపువోడు పాత పేకెట్టు అంటగట్టినాడు" అంది. సింకు పక్కన వడపోత స్పాంజి తెల్లగా, ఇప్పుడే పెళ్ళికి తయారైనట్టు ఆరుతోంది. నేను దాన్ని చూడడం తను చూసింది. చూసి, నవ్వేసి, "అయినా దరినీళ్ళ అప్పన్న మనవరాల్ని కదా, నీళ్ళ మంచీసెడ్డా నాకేటి తెలుత్తాది" అంది.

మా వాళ్ళలో అది పాత హాస్యం. పెళ్ళిళ్ళలో వియ్యాలవారు దెప్పడానికి పనికొచ్చే పేరు. దివ్య పెళ్ళిలోనూ వినబడింది, దివ్యే అందరికంటే ఎక్కువ నవ్వింది. అప్పన్న మా అయ్య, అంటే మా నాన్న. ఆయనకి ఆ పేరు రావడానికి కారణం నేను. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దివ్య ఉప్పు మంచిది కాదన్నప్పుడు నాకు వినబడింది తన గొంతు కాదు, నాకు ఇరవై ఏళ్ళున్నప్పటి నా గొంతు.

అప్పుడు మేము జాలరిపేటలో, ఇసకకి నాలుగడుగుల దూరంలో ఉండేవాళ్ళం. ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలు ఉండేవి, చూరు కింద ఎండే నెత్తళ్ళ చేపలది, తడి వలది, మామ్మ చుట్టది. మా మామ్మ, అంటే అయ్య తల్లి, అడ్డపొగ పీల్చేది. వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసుకుని, ఆ నోటితోనే అందరినీ తిట్టగలిగేది. ఎలా కాలదో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ రొయ్యల షెడ్డుకి వెళ్ళేది. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో రొయ్యల తలలు తీసి తీసి ఆమె వేళ్ళు సందుల్లో తెల్లగా చివికిపోయి, కణుపుల దగ్గర విచ్చుకునేవి. సాయంత్రం పసుపు కలిపిన నూనె రాసుకుని, పది వేళ్ళూ విడదీసి గాలికి పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. అన్నం కలిపి ఆమె నోట్లో పెట్టడం నా పని. ఆ వేళ్ళని చూస్తూ ముద్దలు పెట్టేదాన్ని. ఇంటరు పాసై ఖాళీగా ఉన్న ఆడపిల్లకి ఆ పేటలో ఎదురుచూసే పని ఆ రొయ్యల షెడ్డుదొక్కటే. నాకు తుఫానంటే కూడా అంత భయం ఉండేది కాదు.

అయ్య తెప్ప మీద వేటకెళ్ళేవాడు. మాట తక్కువ మనిషి. ఆయన గొప్పంతా నాలుకలో ఉందనేవారు. సముద్రంలో దోసెడు నీళ్ళు ముంచి, నాలుక కొసకి తగిలించుకుని, ఉమ్మేసి చెప్పేవాడు, ఎక్కడో వాన పడి ఏటి నీరు కలిసిందని, ఇంకా దరిలోనే ఉన్నామని, ఇది నల్లనీరని. ఒడ్డు పక్కన బురద కలిసి ఉండేవి దరినీళ్ళు. వాటిని దాటితే పచ్చనీరు. ఆ పైన, తెడ్డు దింపితే కొస కనబడనంత లోతున నల్లనీరు. మంచు కమ్మి ఒడ్డు కనబడని పొద్దుల్లో పక్క తెప్పల వాళ్ళు "అప్పన్న బావా, నీరేటంతాది?" అని కేకేసి అడిగేవారు. ఆయన చెప్పిన వైపుకి తిప్పుకునేవారు. ఇంటికొచ్చాక కూడా కుండలో మంచినీళ్ళు తాగేముందు ఒక్క క్షణం నోట్లో ఆపేవాడు. అలవాటు.

ఓడల మీద పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు గారు ఆ రోజుల్లో బీచి రోడ్డులో ఒక హాలు తీసుకున్నారు. పరాయి రేవుల్లో గాజు తొట్లలో బతికే సముద్రపు చేపల్ని చూసి మోజు పడి, విశాఖలో అలాంటిది పెట్టాలని ఆయన ఆశ. ముందు ఒక్క తొట్టి కట్టించారు, నేను అందులో పడుకోగలిగినంత పొడవుది. బయాలజీ చదివిన వాళ్ళు కావాలంటే పేటలో నేనొక్కదాన్నే దొరికాను. మొదటి రోజే చెప్పారు, "రత్నం, ఈ తొట్టి నిలబడితే పక్కన ఇంకో ఆరు కడతాను, నీకు పని ఉంటుంది. చేపలు చస్తే మాత్రం మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు, తాళం వేసేస్తాను." నాకు అర్థమైనంతవరకు, తాళం పడితే ఎల్లుండి నుంచి నా చేతులు ఐసు నీళ్ళలో ఉంటాయి.

కొత్త తొట్టి చీపురు లేని ఇల్లు లాంటిదని ఆయనే నేర్పారు. చేపల మలం, తినగా మిగిలిన తిండి కుళ్ళి అమ్మోనియా అవుతుంది. దాన్ని తినేసే కంటికి కనబడని జీవులు తొట్టి అడుగు గులకరాళ్ళలోనో, వడపోత స్పాంజిలోనో కాపురం పెట్టాలి. వారాలు పడుతుంది. ఆలోపు చేపల్ని వదిలితే తమ నీళ్ళలోనే తాము ఊపిరాడక చస్తాయి, నీళ్ళు మాత్రం తేటగానే ఉంటాయి. అందుకని ఒక రొయ్యని కోసి వేసి కుళ్ళనిచ్చి, రోజూ పొద్దున్నే మందు చుక్కలేసి రంగు చూడమన్నారు. ఉప్పు ఎంతుందో చూడడానికి తేలే గాజు పుల్ల ఒకటి ఇచ్చారు. నీళ్ళలోకి గాలి ఊదే మిషను ఆగితే చెవి ముందు చెప్పాలన్నారు. నిద్రలో కూడా ఆ గుడగుడ వినబడుతూ ఉండేది, ఆగిందేమోనని ఉలిక్కిపడి లేచేదాన్ని. ఆకుపచ్చ, ఆకుపచ్చ, మళ్ళీ ఆకుపచ్చ. అయిదు నిమిషాలూ ఆ గొట్టాన్ని తెల్ల కాగితం ముందు పట్టుకుని నిలబడేదాన్ని. అయిదో వారంలో ఒక పొద్దున పసుపు రంగు అలాగే నిలిచింది. నాకు ఏడుపొచ్చింది.

శుక్రవారం చేపలు వచ్చాయి. అయ్యే పట్టాడు, యారాడ రాళ్ళ దగ్గర చిన్న బుట్ట కట్టి, చెయ్యి తగలకుండా. రెండు సీతాకోక చేపలు, అయిదు బొటనవేలంత నీలం చేపలు. వాటితోపాటు తొట్టిలో తగ్గిన మేరకి పోయడానికి రెండు కేన్ల నీళ్ళు తెప్ప మీద ఒక్కడే వెళ్ళి తెచ్చాడు. ముంచేముందు నాలుక మీద వేసుకునే ఉంటాడు, అది చెప్పుకోవాల్సిన విషయం కాదు ఆయనకి. చేపల్ని వదిలి, అవి రాళ్ళ సందుల్లోకి దూరడం చూసి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఇంజనీరు గారు ఊళ్ళో ఎవరెవరినో పిలవడానికి వెళ్ళారు. అప్పుడొచ్చింది మా మామ్మ, కొంగు కింద పళ్ళెంతో.

"ఒలే గుంటా, కొత్త వల నీటిలో ఏసినా గంగమ్మకి సెప్పే ఏత్తాం. నువ్వు సముద్రాన్నే తెచ్చి గదిలో పెట్టినావు. ఆవిడికి సెప్పకుండా సేపల్నొగ్గేత్తావేటి?" అంది.

"ఇందులో ఏటీ ఎయ్యకూడదు మామ్మా. ఇంజనీరు గారు సంపేత్తారు."

"ఆయనకేటి తెలుసు, ఇనప ఓడ మనిషి. సిటికెడు పసుపు. అంతే."

వద్దని గట్టిగా అనలేకపోయాను. మా ఇంట్లో ఏ పడవా, ఏ వలా, చివరికి ఏ గాలమూ గంగమ్మకి చెప్పకుండా నీళ్ళు తాకలేదు. పైగా, నిజం చెప్పాలి, నాకూ ఆ నమ్మకం ఎక్కడో ఉంది. ఇన్ని వారాల భయానికి ఒక చిటికెడు పసుపు అడ్డుపడితే మంచిదే కదా అనిపించింది. సరేనని, ఎవరైనా వస్తారేమోనని గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తిరిగి చూసేసరికి పసుపు, కుంకుమ, కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు, గుప్పెడు బెల్లమన్నం తొట్టిలో ఉన్నాయి. మామ్మ చేతులు జోడించి నిలబడింది. ఆమెని పంపేసి వలగరిటెతో తోడాను. తోడగలిగినంత తోడాను. అన్నం మెతుకులు గులకరాళ్ళ కిందకి జారిపోవడం కనబడుతూనే ఉంది. చెయ్యి పెట్టి కెలికితే లోపల కాపురమున్నవన్నీ చెదిరిపోతాయి. సాయంత్రానికి నీళ్ళు మళ్ళీ తేటపడ్డాయి. దేవుడి దయ అనుకున్నాను.

మర్నాడు పసుపు రంగులో కాస్త పచ్చదనం. ఆ మర్నాడు ఆకుపచ్చ. సోమవారం పొద్దున తలుపు తీసేసరికి ఒక నీలం చేప వెల్లకిలా తేలి ఉంది, మిగతావన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నేను దాన్ని తీసేలోపే ఇంజనీరు గారు వచ్చారు. గొట్టం తీసుకుని తనే మందు వేశారు. రంగు చూసి అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన అరిచే మనిషి కాదు, అది ఇంకా భయం.

"ఏమైనా వేశావా రత్నం?"

"లేదండి."

"మొన్నటిదాకా బాగున్న నీళ్ళు ఎందుకిలా అవుతాయి? ఏదో ఒకటి పడి ఉండాలి. ఆలోచించి చెప్పు."

నేను ఆలోచించలేదు. అమ్మ వేళ్ళు కనబడ్డాయి. నోరు దానంతటదే తెరుచుకుంది. "శుక్రవారం మా అయ్య తెచ్చి పోసిన నీళ్ళు తేడాగా ఉన్నాయండి. దగ్గర్లోనే ముంచేసినట్టున్నాడు" అన్నాను. అని, ఎందుకో గుమ్మం వైపు చూశాను. అయ్య అక్కడే ఉన్నాడు, నీళ్ళ కేను భుజం మీంచి ఇంకా దించలేదు.

కేను దించి లోపలికి వచ్చాడు. తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. కాసేపు ఆగి, మళ్ళీ ముంచి మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు నా వంక చూశాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. సముద్రంలో ఏటి నీరు కలిస్తే చెప్పగలిగిన నాలుకకి బెల్లమన్నం తెలియకుండా ఉంటుందా? తెలిసిందని నాకు తెలిసింది. ఆయన ఇంజనీరు గారి వైపు తిరిగి, "తప్పు నాదేనండి. ఆ పొద్దు అలుపొచ్చి దరినే ముంచేసినాను. రేపు నల్లనీరు కాడికెల్లి తెత్తాను" అన్నాడు.

ఆ రాత్రి రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెల్లారి తెలిసింది. అంటే గాలి పెరుగుతోంది, చిన్న పడవలు వెళ్ళకూడదు. ఒడ్డున కెరటాలు బురదతో గోధుమరంగులో లేస్తున్నాయి. తెప్ప మీద వెళ్ళే సముద్రం కాదది. మా అమ్మ అన్న ఎర్రయ్య మామయ్యకి ఇంజను పడవ ఉండేది. అయ్య వెళ్ళి అతన్ని అడగడం గోడవతల నుంచి విన్నాను. "ఈ గాలికి నీళ్ళ కోసం ఎల్తావేటి బావా, నీకేటి పిచ్చా?" అన్నాడు మామయ్య. "దరినీళ్ళు ముంచేసి గుంట ఉజ్జోగం మీదికి తెచ్చినాను బావా. రాకపోతే సెప్పు, తెప్ప మీదెల్తాను" అన్నాడు అయ్య. మామయ్య ముందు నమ్మలేదు, తరవాత నవ్వాడు, ఆ తరవాత పడవ తీశాడు. అప్పుడు నేను పరిగెత్తి వెళ్ళి, అయ్యా వద్దు, నీళ్ళు మంచివే, తప్పు నాది అని ఉండాలి. గోడకి అంటుకుపోయి నిలబడ్డాను. పడవ మొదటి కెరటం మీద నిట్టనిలువుగా లేచి అవతల పడింది. అంతవరకే కనబడింది.

తొట్టి దగ్గరికి వెళ్ళలేదు, ఇంటికీ వెళ్ళలేదు. ఇసకలో నిలబడ్డాను. ఇసక ఎగిరొచ్చి కళ్ళలో పడుతోంది. భయమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆ పడవలో ఉన్నది నా అబద్ధం, ఆ అబద్ధాన్ని మోస్తున్నది అయ్య. మామ్మ వచ్చి పక్కన కూర్చుంది. చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తీయలేదు. "ఏటీ కాదొలే. మొన్న ఆ తొట్టిలో గంగమ్మకి నిండా పెట్టినాను కదా. నా కొడుకుని ఆవిడే సూసుకుంటాది" అంది. ఆ మాటకి నాకు కేక పెట్టాలనిపించింది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక వచ్చారు. ఒడ్డు చేరుతుండగా పడవ పక్కకి ఒరిగి ఒక కేను పోయింది, అయ్య భుజం అంచుకి కొట్టుకుని చర్మం లేచిపోయింది. మూడు కేన్లు మిగిలాయి. ఆ భుజం మీదే ఒకటి మోసుకుంటూ హాలుకి వచ్చాడు. ఇంజనీరు గారు భుజం చూసి ఏదో అనబోయారు. అయ్య వినలేదు. కేను మూత తీసి, నా చేతిలో గాజు గొట్టం పెట్టి, "నీ మందేసి సూడమ్మా. మంచియో కాదో నువ్వే సెప్పు" అన్నాడు. తను నాలుక మీద వేసుకోలేదు. నేను చుక్కలేశాను. అయిదు నిమిషాలు. ఆయన రక్తం కారుతున్న భుజంతో నా ఎదురుగా, పరీక్ష ఫలితం కోసం వచ్చిన వాడిలా నిలబడ్డాడు. పసుపు రంగు. "మంచివే అయ్యా" అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు.

సగం నీళ్ళు తోడి ఆ నీళ్ళు పోశాం. ఏడింటిలో నాలుగు చచ్చాయి, మూడు బతికాయి. ఇంజనీరు గారు తాళం వేయలేదు. ఆ హాల్లో చాలా ఏళ్ళు చేశాను, అది మూసేశాక రొయ్య పిల్లల కేంద్రంలో నీళ్ళ పరీక్షలు చేశాను. నా చేతులు ఎప్పుడూ చివకలేదు. ఎర్రయ్య మామయ్య మాత్రం ఆ వేళ సముద్రం ఎలా ఉందో చెప్పినప్పుడల్లా ఎందుకెళ్ళారో కూడా చెప్పేవాడు. నెల తిరక్కుండా పేటలో అందరికీ అయ్య దరినీళ్ళ అప్పన్న అయిపోయాడు. మంచు పట్టిన పొద్దుల్లో "నీరేటంతాది బావా" అని అడిగేవాళ్ళు లేకపోయారు. ఆయనా నవ్వేవాడు. కుండలో నీళ్ళు మాత్రం ఒకేసారి గటగటా తాగేసేవాడు, నోట్లో ఆపేవాడు కాదు. ఏ రోజూ నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేదని, ఆయన పోయి ఇన్నేళ్ళయినా అనుకుంటాను.

ఇప్పుడు సముద్రం పక్కనే ఉండి ఉప్పు పేకెట్లలో కొంటున్నారు. దాన్ని శుద్ధి చేసిన నీళ్ళలో కలిపితే సముద్రమట. అందులో తప్పేమీ లేదు, దరిని ముంచిన నీళ్ళు నమ్మడానికి లేదని నేనే చెప్తాను. వేటకెళ్ళే వాళ్ళు ఫోన్లో దారి చూసుకుని వెళ్తున్నారు. నాలుకలు అక్కర్లేదు. నాకు మాత్రం ఒక్క సందేహం, ఆ పేకెట్టు ఉప్పుని అయ్య నాలుక మీద వేసి ఉంటే ఏమనేవాడా అని. దివ్య చూడకుండా తొట్టిలో వేలు ముంచి నేనే వేసుకుని చూశాను. ఉప్పగా ఉంది. అంతకుమించి నాకేమీ తెలియలేదు.

ఇద్దరం కూర్చుని సగం నీళ్ళు మార్చాం. బకెట్లు మోస్తూ ఇదంతా చెప్పాను, మామ్మ పళ్ళెం, గుమ్మం దగ్గర అయ్య, కెరటం మీద లేచిన పడవ. దివ్య బకెట్టు దించింది. తరవాత సింకు వైపు చూసి, "స్పాంజి జిగురుగా ఉందని కొళాయి కింద కడిగేసినానత్తా. సబ్బు కూడా ఎట్టినాను" అంది మెల్లగా. తెలుసన్నాను. "అయితే తాత..." అని ఆగిపోయింది.

ఈ మాట ఇంజనీరు గారి ముందు అనాల్సింది, పేట ముందు అనాల్సింది, ఆయన ముందు అనాల్సింది.

"మీ తాత ఏనాడూ దరినీళ్ళు ముంచలేదే" అన్నాను.